చిన్న చెక్కలు - పెద్ద దూలం



ఈ పాఠం మొదలుపెట్టే ముందు లేచి ఒకసారి మీ ఇల్లంతా చూసి రండి. దర్వాజ, తలుపు, కిటికీ, అల్మారా, మంచం, పీట. ఎక్కడెక్కడ కట్టె ఉందో లెక్కబెట్టండి. పాత ఇల్లు అయితే తలెత్తి పైకి కూడా చూడండి. దూలం కనబడుతుంది. దూలం మీద దంతెలు ఉంటాయి. వాటి మీద గూనపెంక ఉంటుంది.

ఇంటి పనికి వాడే కట్టెను పుస్తకాల్లో కలప అంటారు. ఈ పాఠం కలప గురించి.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు పాత ఇండ్లకు తాటి దంతెలు బాగా వాడేవాళ్లు. ఉన్నవాళ్ల ఇండ్లకు టేకు దూలాలు, మద్ది దూలాలు ఉండేవి. ఒక దూలం కావాలంటే ఒక పెద్ద చెట్టు కావాలి. పదిహేను అడుగుల దూలానికి పదిహేను అడుగులు నిటారుగా పెరిగిన మాను కావాలి. అందులో వంకర ఉండొద్దు. తొర్ర ఉండొద్దు. పెద్ద కణుపు ఉండొద్దు. టేకు చెట్టు అంత లావు కావాలంటే యాభై, అరవై ఏండ్లు పడుతుంది. తాత పెడితే మనవడు కొట్టాలి.

అట్లాంటి మానులు ఇప్పుడు ఎక్కడున్నాయి? అడవులు తరిగిపోయాయి. ఉన్న అడవిని కాపాడాలని 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకున్న ప్రణాళిక లేకుండా అడవిలో చెట్లు కొట్టరాదు అన్నది. అందుకే ఇప్పుడు మనకు వచ్చే కలపలో చాలా భాగం రైతులు చేలల్లో పెంచినదే. జామాయిల్, సుబాబుల్, మలబారు వేప అట్లాంటివి. వీటిని నాలుగైదు ఏండ్లకో, ఆరేడు ఏండ్లకో కొడతారు. అప్పటికి మాను సన్నగానే ఉంటుంది.

సన్న మానుతో లావు దూలం ఎట్లా వస్తుంది? ముక్కలను కలపాలి. దేనితో కలపాలి? జిగురుతో.

"జిగురుతో అతికించిన కట్టె ఇంటిని మోస్తుందా?" అని మీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. ఆ సంగతే చూద్దాం.

ముక్కలు కలిపే విద్య

ముక్కలు కలిపి పెద్ద వస్తువు చేయడం మనకు కొత్త కాదు. ఎడ్లబండి చక్రం చూడండి. అది ఒక్క చెక్క కాదు. చుట్టూ వంపు తిరిగిన ముక్కలు. వాటిని పూటీలు అంటారు. నడుమ ఆకులు. వాటన్నిటినీ బిగించి పట్టుకునేది పైనున్న ఇనుప పట్టా. అన్ని ముక్కల చక్రం బస్తాల బరువు మోసుకుంటూ గుంతల బాటలో పోతుంది.

అందులో జిగురు లేదు. జిగురు పని చూడాలంటే కోదాడ దాటి విజయవాడ బాట పట్టాలి. విజయవాడ రాకముందే కొండపల్లి వస్తుంది. అక్కడ తెల్ల పొణికి అనే తేలిక కట్టెతో బొమ్మలు చేస్తారు. బొమ్మ మొత్తాన్ని ఒకే ముక్కలో చెక్కరు. తల వేరు, చేతులు వేరు, కాళ్లు వేరు చెక్కుతారు. తరువాత అతికిస్తారు. అతికించే ముద్దను మక్కు అంటారు. అది దేనితో చేస్తారో తెలుసా? చింతగింజల పొడి, రంపపు పొట్టు. అంతే! మనం పారేసే చింతగింజ అక్కడ బొమ్మ చేతిని నిలబెడుతుంది. మన చేర్యాల ముఖాల బొమ్మలు కూడా చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి చేసినవే.

అయితే చింతగింజల జిగురుకు ఒక లోపం ఉంది. నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. బొమ్మకు అది చాలు. ఇంటికి చాలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. పాఠం చివరికి వచ్చేసరికి మన పైసలు దీని మీదనే ఆధారపడి ఉంటాయి.

నోటుబుక్కు పరీక్ష

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి. రెండు చేతులతో పట్టుకుని వంచండి. మెత్తగా వంగుతుంది. అంచు చూడండి. కాయితాలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. జారుతున్నాయి కాబట్టే వంగుతున్నది.

ఇప్పుడు మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేయండి. కాయితం కాయితానికీ పూయండి. మీద ఇసుర్రాయి పెట్టి రెండు రోజులు ఎండనివ్వండి. తరువాత వంచి చూడండి. పలక లాగా ఉంటుంది. వంగదు. కాయితాలు అవే. మారింది ఏమిటి? అవి జారడం మానేశాయి.

కట్టె కూడా ఇంతే. ఒక చెక్క పలకను రెండు రాళ్ల మీద వంతెనలాగా పెట్టాం అనుకోండి. అది ఒక మనిషి బరువు మోస్తుంది. అట్లాంటి రెండు పలకలు ఊరికే ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇద్దరిని మోస్తాయి. అదే రెండు పలకలను జిగురుతో గట్టిగా అంటిస్తే? ముగ్గురు అనుకుంటాం. కాదు, నలుగురిని మోస్తాయి! మూడు పలకలు ఊరికే పేరిస్తే ముగ్గురు. అంటిస్తే తొమ్మిది మంది. ఎక్కం గుర్తుందా? రెండు రెళ్లు నాలుగు, మూడు మూళ్లు తొమ్మిది. లెక్క సరిగ్గా అట్లాగే నడుస్తుంది. దూలాన్ని పండబెట్టకుండా ఎత్తుగా నిలబెట్టేది కూడా ఇందుకే. వడ్లాయన ఈ ఎక్కం చెప్పకపోవచ్చు. కానీ దూలాన్ని ఎప్పుడూ నిలువుగానే పెడతాడు.

ఇట్లా పలకలను పొరలు పొరలుగా అంటించి చేసిన దూలాన్ని ఇంగ్లీషులో గ్లూలామ్ అంటారు. మనం జిగురు దూలం అందాం.

జిగురు దూలం ఎట్లా పుట్టింది?

జర్మనీ దేశంలో వైమార్ అనే ఊరు ఉంది. అక్కడ ఓట్టో హెట్జర్ అనే ఆయనకు కలప పని కార్ఖానా ఉండేది. ఆయన సన్న పలకలను వంచి, ఒకదానికొకటి అంటించి, వంపు తిరిగిన పెద్ద దూలాలు చేశాడు. 1906లో ఆ పద్ధతికి పేటెంటు హక్కు తీసుకున్నాడు. ఆ దూలాలతో నడుమ స్తంభాలు లేకుండా పెద్ద పెద్ద శాలలు కట్టారు.

ఆయన వాడిన జిగురు దేనితో చేసిందో వింటే నవ్వొస్తుంది. పాలతో! పాలు విరిగితే గట్టి ముద్ద వస్తుంది కదా. ఆ ముద్దలోని పదార్థాన్ని ఎండబెట్టి, పొడి చేసి, సున్నం కలిపితే గట్టి జిగురు అవుతుంది. దాని పేరు కేసిన్. మన వంటింట్లో పాలు విరిగితే పిల్లలకు చక్కెర వేసి పెడతాం. అక్కడ దానితో ఇంటి కప్పు నిలబెట్టారు.

పాల జిగురు కూడా తడికి ఎక్కువ కాలం ఆగదు. తరువాత కాలంలో కార్ఖానాల్లో తయారయ్యే రసాయన జిగురులు వచ్చాయి. వాటిలో కొన్ని ఎండకు, వానకు, కాగే నీళ్లకు కూడా ఊడవు. అవి వచ్చిన తరువాతే జిగురు దూలం వానలో తడిసే చోట కూడా నిలబడగలిగింది.

ఇప్పుడు ఎంత దూరం పోయిందో చూడండి. నార్వే దేశంలో 2019లో 18 అంతస్తుల కట్టె భవనం పూర్తయింది. పేరు మ్యోస్తోర్నెట్. దాని ఎత్తు 85 మీటర్లు. మన నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. అంటే ఆనకట్టలో మూడింట రెండు వంతుల ఎత్తు! దాని స్తంభాలు, దూలాలు జిగురు పొరలవే. అమెరికాలో మిల్వాకీ పట్నంలో 2022లో 25 అంతస్తుల భవనం కట్టారు. అందులో కింది అంతస్తులు కాంక్రీటు. పై అంతస్తులు కట్టె.

"నిప్పు అంటుకుంటే?" అని అడుగుతారు. దీనికి జవాబు మీ పొయ్యిలోనే ఉంది. చిదుగులు వేస్తే భగ్గున మండుతాయి. లావు మొద్దు పెడితే? పైన నల్లగా బొగ్గు అవుతుంది. లోపల కట్టె అట్లాగే ఉంటుంది. ఆ బొగ్గు పొర లోపలి కట్టెకు అడ్డం నిలుస్తుంది. లావు దూలం గంటసేపు మంటలో ఉంటే ఒక్కో దిక్కు నుంచి సుమారు నాలుగు సెంటీమీటర్లు కాలుతుంది. కాలేది ముందే లెక్క వేసుకుని దూలాన్ని అంత లావు చేస్తారు. ఇనుము కాలదు నిజమే. కానీ బాగా వేడెక్కితే మెత్తబడి వంగుతుంది.

మూడు నియమాలు

జిగురు దూలం తయారీలో మూడు సంగతులు ముఖ్యం. ఈ మూడు మనం కొనే తలుపుకు, అల్మారాకు కూడా పనికొస్తాయి. కాబట్టి నిదానంగా చదవండి.

మొదటిది, కట్టె ఆరాలి. కొట్టిన కొత్తలో కట్టెలో చాలా నీళ్లు ఉంటాయి. పచ్చి మోపు ఎత్తినవాళ్లకు ఆ బరువు తెలుసు. ఎండిన మోపు తేలిక. పోయిన బరువంతా నీళ్లదే. నీళ్లు పోతుంటే కట్టె ముడుచుకుంటుంది, వడియం ఎండితే చిన్నదయినట్టు. అయితే వడియం అన్ని దిక్కులా చిన్నదవుతుంది. కట్టె అట్లా కాదు. పొడుగులో దాదాపు తగ్గదు. అడ్డంలో తగ్గుతుంది. అందుకే పచ్చి కట్టెతో చేసిన తలుపు ఎండాకాలం వచ్చేసరికి పలకల నడుమ సందులు పడుతుంది. మన దిక్కు ఎండలు సంగతి తెలిసిందే. వానాకాలం వస్తే అదే తలుపు ఉబ్బి దర్వాజలో ఇరుక్కుంటుంది. అప్పుడు వడ్లాయనను పిలిచి చిత్రిక పట్టిస్తాం. మళ్లీ ఎండాకాలం సందు.

జిగురు దూలం చేసేవాళ్లు పలకలను వేడి గదుల్లో పెట్టి ఆరబెడతారు. 100 కిలోల ఎండు కట్టెకు సుమారు 12 కిలోల నీళ్లు మాత్రమే మిగిలేదాకా ఆరనిస్తారు. తడి కట్టెకు జిగురు సరిగా పట్టదు. ఒకవేళ పట్టినా తరువాత కట్టె ముడుచుకున్నప్పుడు అతుకు చీలుతుంది.

రెండోది, ఈనెల దిక్కు. కట్టెను చీలిస్తే పొడుగునా చీలుతుంది. అడ్డంగా చీలదు, గొడ్డలితో నరకాలి. కట్టెలో సన్నటి ఈనెలు పొడుగునా ఉండటమే దీనికి కారణం. కట్టె బలమంతా ఈనెల పొడుగులోనే ఉంది. జిగురు దూలంలో అన్ని పలకల ఈనెలు ఒకే దిక్కుకు, దూలం పొడుగు దిక్కుకు, ఉండేలా పేరుస్తారు.

పొట్టి పలకలను పొడుగు చేయడానికి ఒక ఉపాయం ఉంది. రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చి పట్టుకోండి. లాగి చూడండి. ఊరికే రాదు. పలకల కొసలను కూడా ఇట్లాగే వేళ్లలాగా కోసి, జిగురు పూసి, ఒకదానిలో ఒకటి దూరుస్తారు. దీన్ని వేళ్ల అతుకు అందాం. కణుపు ఉన్న చోట కోసి తీసేసి, మంచి ముక్కలు మాత్రమే ఇట్లా కలుపుతారు. చెట్టుతో పుట్టిన దూలంలో కణుపు ఎక్కడుంటే అక్కడ ఉంటుంది. మనిషి చేసిన దూలంలో కణుపును ఏరివేయవచ్చు. బియ్యంలో మెరిగలు ఏరినట్టు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మూడోది జిగురు. దాని సంగతికే వస్తున్నాం.

మన పట్నాలకు వచ్చేది ఏమిటి?

ఇంటి కప్పుకు జిగురు దూలం వాడే అలవాటు మన దగ్గర లేదు. మనకు సిమెంటు, ఇనుము, స్లాబు. కానీ జిగురు కట్టె మన ఇంట్లోకి వేరే పేర్లతో వచ్చేసింది. సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని దుకాణానికి పోతే ఈ పేర్లు వినబడతాయి.

ప్లైవుడ్. పెన్సిల్ చెక్కుతుంటే పొర చుట్టలాగా వస్తుంది కదా. పెద్ద మిషను మీద మానును తిప్పుతూ అట్లాగే సన్న పొర తీస్తారు. ఆ పొరలను అంటిస్తారు. ఇక్కడ ఒక తేడా చూడండి. జిగురు దూలంలో ఈనెలన్నీ ఒకే దిక్కు. ప్లైవుడ్‌లో ఒక పొర నిలువు, దాని మీద పొర అడ్డం. నులక మంచం అల్లినట్టు. అందుకే ప్లైవుడ్ ఏ దిక్కుకూ సులభంగా చీలదు. అడ్డంలో ముడుచుకోదు కూడా. పొరలు 3, 5, 7 ఇట్లా బేసి సంఖ్యలో ఉంటాయి.

బ్లాక్‌బోర్డు. బడిలో రాసే బోర్డు కాదు. నడుమ చిన్న చిన్న కట్టె బద్దలు పక్కపక్కన పెట్టి, కింద, మీద పొరలు అంటించిన పలక. ఫ్లష్ డోర్ అనే తలుపును కూడా ఇట్లాగే చేస్తారు. పైకి నున్నగా ఉంటుంది. లోపల ఏ బద్దలు పెట్టారో కనబడదు.

రంపపు పొట్టు, కట్టె తునకలు జిగురుతో అదిమి చేసిన పలకలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే చవక. నీళ్లు తగిలితే అటుకుల లాగా ఉబ్బుతాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన ఊక కుప్పలు చూశారు కదా. ఆ వరి ఊకతో కూడా జిగురు కలిపి పలకలు చేసే పద్ధతి ఉంది.

ఏ జిగురు? ఆ మాట అడగండి

ప్లైవుడ్‌లో కట్టె ధర కన్నా జిగురు సంగతి ముఖ్యం. కట్టె మంచిదే అయినా జిగురు ఊడితే పలక పొరలు పొరలుగా విడిపోతుంది. మా మేనత్త ఇంట్లో అదే జరిగింది. వంటింట్లో నీళ్ల గోలెం పక్కన అల్మారా చేయించింది. దుకాణాయన వాటర్‌ప్రూఫ్ అన్నాడు. రెండో వానాకాలానికి కింది పలక పాత పుస్తకంలాగా విచ్చుకున్నది. పలక మీద ముద్ర ఉన్నదట. ఆ ముద్రను దుకాణంలో ఎవరూ చదవలేదు.

మీరు చదవండి. పలక మీద ఒక మూలన ముద్ర వేసి ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడవద్దు. అంకెలు మనకు వచ్చినవే. ఐ.ఎస్.ఐ. గుర్తు దగ్గర ఒక సంఖ్య ఉంటుంది.

303 అని ఉంటే మామూలు పనుల ప్లైవుడ్. ఈ అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. దగ్గరలో ఏ రకం జిగురో తెలిపే అక్షరాలు ఉంటాయి. రెండు అక్షరాలు ఉంటే అది ఎం.ఆర్. గాలిలోని తేమను మాత్రమే ఓర్చుకునే జిగురు. మంచం తలకట్టుకు, పడక గది అల్మారాకు సరిపోతుంది. నీళ్ల దగ్గర పనికిరాదు. మూడు అక్షరాలు ఉంటే బి.డబ్ల్యు.ఆర్. గాని, బి.డబ్ల్యు.పి. గాని. ఇవి తడిని గట్టిగా తట్టుకునేవి. వంటింటికి ఇవే కావాలి.

710 అని ఉంటే మెరైన్ ప్లైవుడ్. దీన్ని 72 గంటలు, అంటే మూడు రోజులు, కాగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. అయినా పొర ఊడకూడదు. ధర ఎక్కువ. ఫ్లష్ డోర్ మీద 2202, బ్లాక్‌బోర్డు మీద 1659 అనే సంఖ్య చూడండి.

దుకాణంలో మాట ఇట్లా నడవాలి:

"సేటూ, వంటింటి అల్మారాకు ప్లై కావాలి."

"ఇది తీసుకో అక్కా. మంచి మాలు. వాటర్‌ప్రూఫ్."

"ముద్ర ఎక్కడున్నది? చూపెట్టు."

"ముద్ర ఎందుకక్కా, నేను చెప్తున్న కదా."

"నువ్వు చెప్పింది బిల్లు మీద రాస్తవా? వాటర్‌ప్రూఫ్ అని, అంకెతో సహా?"

"...ఇది ఎం.ఆర్. అక్కా. వంటింటికైతే ఆ పక్కది చూడు."

చూశారా? బిల్లు అనగానే మాట మారింది. నోటి మాటకు సాక్ష్యం లేదు. కాయితానికి ఉంది. మీ ఇంట్లో ఫోను ఉంటే పిల్లలతో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్ తెరిపించండి. ముద్రలోని లైసెన్సు నంబరు కొడితే అది నిజమో కాదో తెలుస్తుంది.

ఇంకో పరీక్ష మన చేతిలోనే ఉంది. దుకాణంలో కోసిన తునకలు పడి ఉంటాయి. అదే పలక నుంచి అరచేయి అంత తునక అడగండి. పాత డబ్బాలో నీళ్లు పోసి, అందులో వేసి, బయట పొయ్యి మీద నాలుగు గంటలు ఉడకబెట్టండి. వంట గిన్నెలో మాత్రం వద్దు. ఎం.ఆర్. జిగురు అయితే పొరలు విడిపోతాయి. మంచి జిగురు అయితే పొరలు పట్టుకునే ఉంటాయి. కొందరు పొరల నడుమ నల్లటి గీత చూసి మంచి జిగురు అనుకుంటారు. రంగు కలిపితే ఏ జిగురైనా నల్లగా కనబడుతుంది. కాగే నీళ్లను మోసం చేయడం అంత సులభం కాదు.

ఒక జాగ్రత్త. తలుపు పని అయ్యాక మిగిలిన ప్లైవుడ్ తునకలను వంట పొయ్యిలో పెట్టవద్దు. వాటిలో రసాయన జిగురు ఉంది. ఆ పొగ కండ్లకు, ఊపిరితిత్తులకు చెడుపు. పొయ్యి ముందు కూర్చునేది మనమే, మన ఒళ్లో పిల్లలే. కొత్త అల్మారా ఘాటు వాసన వస్తుంటే కొన్ని రోజులు కిటికీలు తెరిచి పెట్టండి.

ఎక్కడ ఏ కట్టె?

తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలుపెట్టింది. ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయల సాయం. ఇల్లు ఆడవాళ్ల పేరు మీద మంజూరు అవుతుంది. పేరు మీది అయినప్పుడు కట్టె బేరం కూడా మీదే.

దర్వాజకు జిగురు పలకలు వద్దు. గట్టి కట్టె వాడండి. టేకు కొనలేకపోతే బాగా ఆరిన వేప, తుమ్మ కూడా పనికొస్తాయి. ముఖ్యంగా గడప. వారం వారం కడుగుతాం, పసుపు రాస్తాం, బొట్లు పెడతాం. ఇంట్లో అంత తడి తగిలే కట్టె ఇంకొకటి లేదు. గడపకు గట్టి కట్టె గాని, రాయి గాని ఉండాలి. లోపలి గది తలుపుకు ముద్ర ఉన్న ఫ్లష్ డోర్ చాలు. స్నానాల గదికి ప్లాస్టిక్ తలుపు నయం. చెదల సంగతి వేరు. జిగురు మంచిదైనంత మాత్రాన చెద పట్టదని కాదు. గోడకు, నేలకు తగిలే కట్టెకు ముందే చెదల మందు పూయించండి.

డిపో చిట్టీ చదువుదాం

గట్టి కట్టెను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. సి.ఎఫ్.టి. అన్నా అదే. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు మందం ఉన్న దిమ్మె ఒక ఘనపుటడుగు. లెక్క ఇట్లా:

పొడుగు అడుగుల్లో, వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో తీసుకోండి. మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 144తో భాగించండి.

ఒక దర్వాజ చూద్దాం. నిలువు కట్టెలు రెండు, ఒక్కోటి 7 అడుగులు. పైది, గడప ఒక్కోటి మూడున్నర అడుగులు. మొత్తం పొడుగు 14 + 7 = 21 అడుగులు. వెడల్పు 5 అంగుళాలు, మందం 3 అంగుళాలు.

21 × 5 × 3 = 315
315 ÷ 144 = 2.19

అంటే రెండు ఘనపుటడుగుల మీద కొంచెం. చిట్టీలో 3 అని రాసి ఉంటే ఎందుకని అడగండి. కోతలో, చిత్రికలో కొంత పోతుంది నిజమే. ఎంత పోతుందో, దాని పైసలు ఎవరి మీద పడతాయో కోత మిషను తిరగకముందే మాట్లాడుకోవాలి.

చేసి చూడండి

1. మీ ఇంటి దర్వాజను టేపుతో కొలవండి. ఎన్ని ఘనపుటడుగులో మీ పలక మీద లెక్క చేయండి.

2. ఒక ప్లైవుడ్ పలక పొడుగు 8 అడుగులు, వెడల్పు 4 అడుగులు. అది ఎన్ని చదరపుటడుగులు? చదరపుటడుగు 90 రూపాయలు అనుకుంటే పలక ధర ఎంత?

3. ఈ అంకెలు దేని గుర్తులో ఎదురుగా రాయండి: 303, 710, 2202.

4. మీ ఊరి వడ్లాయనను అడిగి రండి. ఆయన చిన్నప్పుడు ఏ జిగురు వాడేవాళ్లు? ఏ కట్టె ఎన్నాళ్లు ఆరబెట్టేవాళ్లు? ఆయన చెప్పినవి ఐదు వాక్యాల్లో రాసి కేంద్రానికి తీసుకురండి. గురువారం చదువుకుందాం.